రైఫిల్ మడమకు కొత్త రబ్బరు

మా బాబాయి చాలా ఏళ్ళు వాడి నా చేతికిచ్చిన రైఫిల్‌ను గుడ్డ తొడుగులోంచి తీసినప్పుడల్లా తొడుగు అడుగున ఇటుక పొడి లాంటి ఎర్రటి నలుసులు కనిపించేవి. ఎక్కడి దుమ్మో అనుకుని దులిపేసేవాడిని. ఒకనాడు గురి సాధన ముగించి ఇంటికి వచ్చాక చొక్కా కుడి భుజం మీద అదే రంగు మరక చూసినప్పుడుగాని అసలు సంగతి తెలియలేదు. స్టాకు, అంటే రైఫిల్ చెక్క భాగం, దాని చివర ఉన్న రికాయిల్ ప్యాడు, అంటే కాల్చేటప్పుడు భుజానికి ఆనే రబ్బరు దిమ్మ, పొడిపొడిగా రాలిపోతోంది. గోరుతో నొక్కితే గుంట పడవలసిన చోట బల్ల మీద నొక్కినట్టుంది. అంచును కాస్త వంచి చూస్తే ఎండిన చెరువు నేల మాదిరిగా సన్నటి పగుళ్ళు విచ్చుకున్నాయి. ఆ ప్యాడును తీసేసి ఇంట్లోనే కొత్తది అమర్చుకున్న పని గురించి ఈ టపా రాస్తున్నాను. ఒక ప్యాడును చెడగొట్టిన తరువాతే రెండోది కుదిరింది కాబట్టి, చెడగొట్టిన వైనాన్ని కాస్త ఎక్కువ వివరంగానే చెబుతాను.

రబ్బరు ముసలిదవడానికి వాడకం అక్కరలేదు. రబ్బరు అణువులు పొడవాటి గొలుసుల వంటివి. వాటిని గంధకంతో అక్కడక్కడ ముడివేసి దారుఢ్యం తెచ్చే వల్కనీకరణ పద్ధతికి చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. అయితే ఆ ముడులు వేసిన రోజుతో రసాయన చర్య ఆగిపోదు. గాలిలోని ఆక్సిజన్, ఓజోన్, ఎండ, వేడి కలిసి ఆ గొలుసులను ఏళ్ళ తరబడి కదుపుతూనే ఉంటాయి. కొత్త ముడులు పడుతూ పోతే రబ్బరు గట్టిపడి పెళుసెక్కుతుంది, గొలుసులు తెగుతూ పోతే బంకలా చేతికి అంటుకుంటుంది. మా రైఫిల్‌ది మొదటి రకం. దానికి తోడు, బాబాయి దాన్ని ఎప్పుడూ మడమ మీద నిలబెట్టి ఉంచేవారు. బోల్టుకూ (తూటాను లోపలికి నెట్టి మూసే కడ్డీ) బ్యారెల్‌కూ (గుండు వెళ్ళే గొట్టం) ధారాళంగా పూసిన నూనె మెల్లగా కిందికి దిగి చెక్కలో ఇంకి, అక్కడి నుంచి ప్యాడు వరకూ చేరింది. తుపాకి నూనెకూ సహజ రబ్బరుకూ పడదు.

పేర్ల గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. స్టాకు వెనుక చివరను తెలుగులో తుపాకి మడమ అంటాం. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని బట్ అని, దాని పై మూలను హీల్ అని, కింది మూలను టో అని అంటారు. మాటకు మాట పెడితే మడమకు మళ్ళీ ఒక మడమ, ఒక కాలి బొటనవేలు వచ్చిపడతాయి. అందుకని నేను మొత్తం చివరను మడమ అనీ, మూలలను హీల్, టో అనీ రాస్తాను. ఈ పనిలో నన్ను ఏడిపించింది టో కాబట్టి ఆ మాట పదే పదే వస్తుంది.

ప్యాడు చేసే మేలు ఏమిటో తెలిస్తే ఎంత మందం ఎంచుకోవాలో తెలుస్తుంది. మా రైఫిల్ .30-06 స్ప్రింగ్‌ఫీల్డ్ తూటాలు కాల్చేది. పేరులోని 06 ఆ తూటాను 1906లో స్వీకరించారని చెబుతుంది. 150 గ్రెయిన్ల గుండు, అంటే సుమారు 9.7 గ్రాములు, సెకనుకు దాదాపు 890 మీటర్ల వేగంతో బయటికి పోతుంది. దాని వెనుక 3 గ్రాములకు పైగా మందు వాయువుగా మారి ఇంకా ఎక్కువ వేగంతో వెలువడుతుంది. ఈ రెంటి ద్రవ్యవేగాన్ని కలిపి రైఫిల్ బరువుతో భాగిస్తే, 3.6 కిలోల రైఫిల్ సెకనుకు సుమారు 3.5 మీటర్ల వేగంతో భుజం మీదికి వస్తుందని తేలుతుంది. శక్తి లెక్కలో అది 22 జౌళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. అదే బరువున్న .22 రైఫిల్ విషయంలో ఈ సంఖ్య ఒక జౌలులో ఐదోవంతును కూడా అందుకోదు, అందుకే దానికి ప్యాడు లేకపోయినా ఎవరూ పట్టించుకోరు.

ఎంత మెత్తటి ప్యాడు పెట్టినా ఈ తన్ను మొత్తం తగ్గదు, ఎందుకంటే ద్రవ్యవేగం ఎక్కడికీ పోదు. ప్యాడు చేసేవి రెండే పనులు. రైఫిల్ ఆగడానికి పట్టే దూరాన్నీ కాలాన్నీ పెంచుతుంది, దెబ్బను ఎక్కువ వైశాల్యం మీద పరుస్తుంది. ఆగే దూరం రెట్టింపైతే సగటు బలం సగమవుతుంది. ఇది బడిలో చదివిన లెక్కే అయినా, రాయిలా మారిన ప్యాడుతో 20 తూటాలు కాల్చిన భుజానికి వేరే రకంగా అర్థమవుతుంది. వైశాల్యం సంగతికి మంచి ఉదాహరణ బ్రిటిష్ సైన్యం 1944 ప్రాంతంలో తెచ్చిన లీ-ఎన్‌ఫీల్డ్ నంబర్ 5, జంగిల్ కార్బైన్ అని పేరుపడ్డ రైఫిల్. తేలికగా ఉండాలని చెక్కనూ ఇనుమునూ కోసివేసి, తన్ను పెరుగుతుంది కాబట్టి మడమకు రబ్బరు ప్యాడు పెట్టారు. కానీ ఆ ప్యాడు మడమ కంటే ఇరుకైనది, కాలం గడిచేకొద్దీ గట్టిపడేది. ఫలితంగా ఆ రబ్బరే ఒక మొనలా భుజంలో గుచ్చుకునేదని దాన్ని కాల్చినవాళ్ళు చెప్పుకుంటారు.

కొత్త ప్యాడులు మూడు రకాలుగా దొరుకుతాయి. బూటులా పైనుంచి తొడిగే రకం ఒకటి. అది జారుతుంది, పొడవు పెంచుతుంది, చూడటానికీ బాగుండదు కాబట్టి దాని గురించి ఇంతకు మించి రాయను. రెండోది ఫలానా కంపెనీ ఫలానా మోడల్‌కని ముందుగానే ఆకారం తీర్చి అమ్మేది. స్టాకు ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంటే ఇదే మేలు, అరగంటలో పని ముగుస్తుంది. మా స్టాకును మాత్రం బాబాయి ఒకప్పుడు గరుకు కాగితంతో రుద్ది కొత్తగా పాలిష్ పట్టించారు. అలా రుద్దిన స్టాకు చుట్టూ అర మిల్లీమీటరో, ఒక మిల్లీమీటరో తగ్గిపోతుంది, ముందే తీర్చిన ప్యాడు దాని మీద గొడుగులా పొడుచుకొస్తుంది. అందుకని మూడో రకం తీసుకున్నాను. అది అవసరానికి మించిన సైజులో వస్తుంది, మన స్టాకు ఆకారానికి మనమే అరగదీసుకోవాలి. మందం 25 మిల్లీమీటర్లు. అడుగున గట్టి ప్లాస్టిక్ పలక, దాని మీద మెత్తటి రబ్బరు.

ఇక్కడే కొలతల పని మొదలవుతుంది. ట్రిగ్గర్ ముందు వంపు మధ్య నుంచి మడమ మధ్య వరకు ఉండే దూరాన్ని లెంగ్త్ ఆఫ్ పుల్ అంటారు. ఫ్యాక్టరీ రైఫిళ్ళలో ఇది తరచుగా 13.5 అంగుళాలు, అంటే దాదాపు 343 మిల్లీమీటర్లు ఉంటుంది. మా రైఫిల్‌దీ అంతే. అందులో పాత ప్యాడు మందం 15, చెక్క 328. చెక్కను ముట్టుకోకుండా 25 మిల్లీమీటర్ల ప్యాడు బిగిస్తే మొత్తం 353 అవుతుంది. పది మిల్లీమీటర్లు తేడాయేనా అనిపించవచ్చు. స్కోప్, అంటే గురి చూసే దుర్భిణి, పెట్టుకున్నవారికి అది చిన్న తేడా కాదు, ఎందుకంటే చాలా స్కోపులకు కన్ను 75 నుంచి 100 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నప్పుడే దృశ్యం నిండుగా కనిపిస్తుంది. కన్ను వెనక్కి పోతే చుట్టూ నల్లటి వలయం కమ్ముకుంటుంది. అతిగా ముందుకు వస్తే తన్నుకు స్కోప్ అంచు కనుబొమ్మ మీద నెలవంక గీస్తుంది.

మోచేతిని మడిచి, రైఫిల్ మడమను మోచేతి మడతలో ఆనించి, వేలు ట్రిగ్గర్‌కు అందితే పొడవు సరిపోయినట్టేనని చాలామంది చెబుతారు. నాకు ఆ పరీక్ష మీద నమ్మకం లేదు. అది ముంజేయి పొడవును మాత్రమే కొలుస్తుంది. మెడ ఎంత పొడవు, ఛాతీ ఎంత వెడల్పు, ఒంటి మీద పలుచని చొక్కా ఉందా, మందపాటి కోటు ఉందా అన్నవేవీ దానికి పట్టవు. నేను పాత ప్యాడు తీసేసి, చెక్క మడమకు అట్టముక్కలను ఒకదాని మీద ఒకటి టేపుతో అంటించి, ఖాళీ రైఫిల్‌ను కళ్ళు మూసుకుని భుజానికెత్తి, చెంప ఆనించాక కళ్ళు తెరిచి చూశాను. స్కోపులో దృశ్యం నిండుగా కనిపించేదాకా అట్టలు తీస్తూ పెడుతూ పోయాను. మూడు రోజులు, వేర్వేరు బట్టలతో చేస్తే 340 దగ్గర నిలిచింది. అంటే చెక్క 315 ఉండాలి, 13 మిల్లీమీటర్లు కోయాలి. తుపాకి మొత్తం పొడవుకు చట్టం కనిష్ఠ హద్దు పెట్టిన చోట ఉన్నవారు రంపం అందుకోక ముందే ఆ లెక్క కూడా చూసుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు మ్యాగజైన్ తీసి, బోల్టు బయటికి లాగి, తూటా కూర్చునే ఛాంబర్‌లో వేలు పెట్టి తడిమి చూసి, తూటాలను వేరే గదిలో తాళం వేసి ఉంచాను. పని పూర్తయ్యేదాకా బోల్టు రైఫిల్‌లోకి తిరిగి పోలేదు. పొడవు చూసుకోవడానికి భుజానికెత్తినప్పుడు కూడా అంతే. తరువాత స్టాకును బ్యారెల్ నుంచి విడదీశాను, టో దగ్గర ఉన్న పట్టీ కొక్కెం కూడా ఊడదీశాను. రంపానికీ గరుకు కాగితానికీ అది తప్పకుండా అడ్డు వస్తుంది.

పాత ప్యాడు స్క్రూలు బయటికి కనిపించవు. రబ్బరును అటూ ఇటూ వంచితే రెండు సన్నటి చీలికలు నోరు తెరుస్తాయి. స్క్రూడ్రైవర్ కాడకు వ్యాసలీన్ రాసి ఆ చీలికలోంచి దించితే రబ్బరు చిరగకుండా లోపలి తలను అందుకుంటుంది. పాతది ఎలాగూ పారేసేదే కదా అని నేను వ్యాసలీన్ రాయకుండా దించాను, అది వ్యర్థమైన తొందర. మొదటి స్క్రూ తేలికగానే వచ్చింది. రెండోది నూనె, తుప్పు కలిసి బిగుసుకుపోయింది. బలం పెడితే తల అరిగిపోతుందని ఆగి, సోల్డరింగ్ ఐరన్ మొనను స్క్రూ తలకు మూడు నాలుగు నిమిషాలు ఆనించి, చల్లారాక తిప్పితే కిర్రుమంటూ కదిలింది. ఇనుము వేడికి సాగి, చల్లారి ముడుచుకునేసరికి చెక్కతో ఉన్న పట్టు వదిలింది.

చెక్కను కోయడం నాకు భయం కలిగించిన పని. అయితే పొరపాటు అక్కడ జరగలేదు. పాత మడమ తలానికి సరిగ్గా సమాంతరంగా కోస్తే స్టాకు పిచ్, అంటే బ్యారెల్ రేఖకు మడమ వాలిన కోణం, మారకుండా ఉంటుంది. చుట్టూ మాస్కింగ్ టేపు బిగుతుగా చుట్టి, దాని మీద గీత గీసి, ఆ గీత వెంట పదునైన కత్తితో చెక్కలోకి దిగేలా నరికాను. పైపొర పోగులను ముందే తెంపితే రంపం పళ్ళు వాటిని పెచ్చులుగా లేపలేవు. సన్నపళ్ళ రంపంతో ఒకే వైపు నుంచి అవతలికి కోసుకుపోకుండా, అన్ని వైపుల నుంచి కొంచెం కొంచెం లోపలికి కోసుకుంటూ వచ్చాను. గరుకు కాగితానికి అర మిల్లీమీటరు వదిలిపెట్టి 12.5 దగ్గర తెంచాను. తెగి పడిన ఆ బిళ్ళను ఇప్పటికీ దాచాను, వాల్‌నట్ చెక్క లోపలి రంగు ఎంత ముదురుగా ఉంటుందో అందులో కనిపిస్తుంది.

కోసిన తలం చదునుగా ఉండాలి, కంటికి చదునుగా కనిపిస్తే చాలదు. మందపాటి అద్దం ముక్క మీద గరుకు కాగితం అంటించి, మడమను దాని మీద నిలువుగా పట్టుకుని గుండ్రంగా తిప్పుతూ రుద్దాను. ఎక్కడ ఎత్తుగా ఉందో తెలియడానికి పెన్సిల్‌తో మడమంతా గళ్ళు గీశాను. గీతలు చెరిగిన చోటల్లా ఎత్తు, మిగిలిన చోటల్లా పల్లం. అంచుల చుట్టూ గీతలన్నీ చెరిగిపోయి, నడుమ ఏ రెండు మూడో మిగిలితే మంచిదే, ఎందుకంటే ప్యాడు పలక అంచుల మీద గట్టిగా కూర్చోవాలి, నడుమ ఎత్తుంటే అది అటూ ఇటూ ఊగుతుంది. ఆపైన ప్యాడును ఆనించి, వెనుక టార్చిలైటు వెలిగించి, సందులోంచి వెలుగు రాకుండా చూసుకున్నాను.

కొత్త ప్యాడు రంధ్రాలు పాతవాటికి ఐదు మిల్లీమీటర్ల ఎడంలో పడ్డాయి. ఇది అన్నింటికంటే చిరాకైన దూరం. మరీ దూరమైతే కొత్త రంధ్రం హాయిగా వేసుకోవచ్చు, ఇంత దగ్గరైతే డ్రిల్లు మొన పాత గుంటలోకి జారిపోతుంది. అందుకని పాత రంధ్రాలను కొంచెం పెద్దవి చేసి, గట్టి చెక్కతో చేసిన చీలలకు ఎపాక్సీ జిగురు పూసి దిగ్గొట్టి, ఒక రాత్రి ఆరనిచ్చి, తలాలను మళ్ళీ అద్దం మీద చదును చేశాను. మడమ దగ్గర స్క్రూ దిగేది చెక్క పోగుల పొడవునా కాబట్టి దానికి పట్టు తక్కువ. పొట్టి స్క్రూ ఊడివస్తుంది, ముందుగా వేసే రంధ్రం వెడల్పైనా ఊడివస్తుంది. స్క్రూ మరల లోపలి కాండం ఎంత లావుందో అంతే లావు డ్రిల్లు వాడి, స్క్రూకు కొవ్వొత్తి మైనం రాసి ఎక్కించాను.

ప్యాడు ముఖం మీద, అంటే భుజానికి ఆనే వైపు, రంధ్రాలు ఉండవు, పలకలో మాత్రమే ఉంటాయి. పలక వైపు నుంచి సన్నటి ఊచను రంధ్రంలోకి నెడితే ముఖం మీద చిన్న బుడిపె లేస్తుంది. ఆ బుడిపె కొన మీద, సబ్బు నీటిలో ముంచిన పదునైన బ్లేడుతో, నిలువుగా మూడు నాలుగు మిల్లీమీటర్ల గాటు పెట్టాలి. గుండ్రటి రంధ్రం చేయకూడదు. గాటైతే స్క్రూ తల దూరాక పెదవులు మూసినట్టు మూసుకుంటుంది, రంధ్రమైతే నోరు తెరుచుకునే ఉంటుంది. ఈసారి వ్యాసలీన్ మరిచిపోలేదు.

ఇక చెడగొట్టిన సంగతి. ప్యాడును మడమకు బిగించి, స్టాకు అంచు వెంట సూదితో ప్లాస్టిక్ పలక మీద గీత గీసి, విప్పి, డిస్క్ శాండర్ (గరుకు కాగితం అంటించిన బిళ్ళ తిరిగే యంత్రం) బల్ల మీద పలకను కిందికి పెట్టి గీత దాకా అరగదీశాను. గీతను ఎక్కడా దాటలేదు, చేతిపని కుదిరిందని మురిసిపోయాను. తిరిగి బిగిస్తే కలిసిన చోట వేలికి గోరంత మెట్టు కూడా తగల్లేదు. అయినా రైఫిల్‌ను పక్క నుంచి చూస్తే ఏదో తేడాగా ఉంది, మడమ ఎవరో కింద నుంచి నొక్కి పైకి వంచినట్టుంది. గురి సాధనకు వెళ్ళే చోట పాత తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయనకు చూపించాను.

"ఎక్కడ తప్పిందండీ? అంచు సరిగ్గానే కలిసింది కదా," అన్నాను.

ఆయన స్టీలు స్కేలు తీసి స్టాకు కింది అంచు వెంట పెట్టి, దాన్ని అలాగే వెనక్కి జరిపారు. "బాబూ, మీరు గీతకు అరగదీశారు, వాలుకు అరగదీయలేదు. స్టాకు ఇటు పోతోంది, మీ రబ్బరు అటు పోతోంది."

స్కేలు అంచుకూ రబ్బరు టోకూ నడుమ, వెనక్కి పోయేకొద్దీ వెడల్పయ్యే సందు కనిపించింది. స్టాకు కింది గీత వెనక్కి పోతూ కిందికి దిగుతుంది. ఆ దిగుడు ప్యాడులో కూడా కొనసాగాలంటే, టో దగ్గర ప్యాడు ముఖం దాని పలక కంటే కిందికి పొడుచుకు రావాలి. నేను నిలువుగా అరగదీయడంతో ఆ పొడుచుకు రావలసిన రబ్బరంతా నల్లటి పొడిగా నేల మీద పడింది. హీల్ దగ్గర దీనికి విరుద్ధంగా జరగాలి. స్టాకు పై గీత కూడా వెనక్కి కొంచెం దిగుతుంది కాబట్టి, అక్కడ ముఖం పలక కంటే కాస్త లోపలికి రావాలి. పలక మీద గీసిన గీత ప్యాడు ఎక్కడ మొదలవ్వాలో మాత్రమే చెబుతుంది, ఎటు పోవాలో చెప్పదు. పోయిన రబ్బరును తిరిగి తెచ్చే ఉపాయం లేదు. అదే ప్యాడు మరొకటి తెప్పించాను.

రెండోసారి ముందు కోణాలు కొలిచాను. మడమ తలానికీ కింది గీతకూ నడుమ కోణం నిలువు కంటే 12 డిగ్రీలు ఎక్కువ వచ్చింది. పై గీత వాలు 3 డిగ్రీల లోపే ఉంది. ఈ పనికని అమ్మే పట్టు పరికరాలు ఉన్నాయి, వాటిలో ప్యాడును బిగించి కోణం తిప్పుకోవచ్చు. నేను ఒక చెక్కపలకకు ప్యాడును దాని రంధ్రాల ద్వారానే స్క్రూలతో బిగించి, పలక కింద ఆ కోణానికి చెక్కిన వాలు చెక్కను పెట్టుకున్నాను. టోకు ఒకటి, హీల్‌కు ఒకటి. పక్కలు దాదాపు నిలువుగానే ఉంటాయి కాబట్టి అక్కడ వాలు చెక్క తీసేసి, మూలల దగ్గర ఒక కోణం నుంచి మరో కోణానికి చేతితోనే మెల్లగా కలిపాను. కలిపే ఆ చోట్లలోనే చేయి వణుకుతుంది. చెక్కను 13 మిల్లీమీటర్లు ముందుకు కోయడం వల్ల మడమ ఎత్తు సుమారు రెండు మిల్లీమీటర్లు తగ్గిన సంగతి కూడా అప్పుడే గమనించాను. ముందే తీర్చిన ప్యాడు కొని ఉంటే అదొక గొడవ అయ్యేది.

అరగదీసేటప్పుడు తొందర పనికిరాదు. గీతకు మూడు మిల్లీమీటర్ల దూరం దాకా రంపంతో కోసేసి, అక్కడి నుంచి 80 నంబరు కాగితం, ఆపైన 120, చివర 240 వాడాను. రబ్బరును డిస్కుకు గట్టిగా అదిమితే వేడెక్కి బంకలా కరిగి కాగితం పళ్ళను నింపేస్తుంది. తాకించి తీసేయడం, మళ్ళీ తాకించడం, అంతే. మెత్తటి ప్యాడును గంటసేపు ఫ్రీజర్‌లో పెడితే కాస్త బిగుసుకుని శుభ్రంగా అరుగుతుందని విని అదీ చేశాను. నిజంగానే తేడా ఉంది, కాకపోతే పది నిమిషాల్లో మళ్ళీ మెత్తబడుతుంది. "ఏమండీ, ఐసు ట్రే పక్కన ఈ చెప్పు అట్ట ఏమిటి?" అని మా ఆవిడ అడిగినప్పుడు సరైన జవాబు దొరకలేదు. ముక్కుకు ముసుగు, కళ్ళకు అద్దాలు లేకుండా ఈ పని అసలు చేయకూడదు. ఆరుబయట చేసినా ఆ నల్లటి పొడి చెవుల్లోకీ గోళ్ళలోకీ చేరింది, కాలిన టైరు వాసన రెండు రోజులు వదల్లేదు.

డిస్కుతో గీత దాకా పోలేదు. గోరు మందం మిగిల్చి, ప్యాడును స్టాకుకు బిగించి, మిగతాది చేతితో తీశాను. స్టాకు అంచున మాస్కింగ్ టేపు మూడు పొరలు చుట్టి, గరుకు కాగితాన్ని చిన్న చెక్కముక్కకు చుట్టి, స్టాకు పొడవునా వాలును అనుసరిస్తూ రుద్దాను. పై పొర టేపు అరగడం మొదలైందంటే చెక్కకు దగ్గరపడ్డట్టు. అక్కడ కాగితం మార్చి 240తో ముగించి, మూడో పొర మిగిలి ఉండగానే ఆపాలి. టేపు మందం వల్ల ప్యాడు చెక్క కంటే వెంట్రుకవాసి ఎత్తుగా మిగులుతుంది. దాన్ని అలాగే వదిలేయడం నా పద్ధతి. చెక్క పాలిష్ పాడు చేసుకోవడం కంటే వెంట్రుకవాసి రబ్బరు ఎత్తుగా ఉండటం నయం. హీల్ పై అంచును మాత్రం మూడు మిల్లీమీటర్ల గుండ్రంగా తీర్చాను, పదునుగా ఉంటే భుజానికెత్తేటప్పుడు బట్టను పట్టుకుని లాగుతుంది. మెత్తటి రబ్బరుకు ఈ జబ్బు ఎక్కువ.

చివరిసారి బిగించే ముందు కోసిన మడమకు వార్నిష్ పట్టించాను. చెక్కలో నీరు, తేమ అన్నింటికంటే వేగంగా పీల్చుకునేది ఈ అడ్డకోత తలమే, పోగుల గొట్టాలన్నీ అక్కడే నోళ్ళు తెరుచుకుని ఉంటాయి. పలుచన చేసిన మొదటి పూత పూసినంతలోనే ఇంకిపోయింది, రెండోది కొంత నిలిచింది, మూడోదానికి గాని మెరుపు రాలేదు. స్క్రూ రంధ్రాల లోపల కూడా పుల్లతో పూశాను. ప్యాడును జిగురుతో అంటించమని కొందరు చెబుతారు, నేను అంటించలేదు. రెండు స్క్రూలు చక్కగా పట్టుకుంటే జిగురు అక్కరలేదు, పైగా ఈ రబ్బరు కూడా ఏదో ఒకనాడు గట్టిపడుతుంది, అప్పుడు దాన్ని తీసేవాడు నన్ను తిట్టుకోకూడదు. బిగించాక ప్యాడు మీద తడిగుడ్డతో పొడి తుడిచాను. నల్లగా నిగనిగలాడాలని నూనె రాసేవారిని చూశాను, పాత ప్యాడు సంగతి తెలిశాక ఆ పని చేయబుద్ధి కాలేదు.

తరువాతి వారం కాల్చి చూశాను. ముందుగా గురి సరిచూసుకున్నాను. స్టాకును విప్పి మళ్ళీ బిగించినప్పుడు గుండు పడే చోటు మారవచ్చు, అది ప్యాడు తప్పు కాదు. స్కోప్ మీది మరను రెండు క్లిక్కులు తిప్పితే నాకు సరిపోయింది. తన్ను ఉంది, కాకపోతే ఇదివరకు సుత్తితో కొట్టినట్టుండేది ఇప్పుడు అరచేత్తో తోసినట్టుంది. పది తూటాల తరువాత స్క్రూలు చూస్తే పైది కదల్లేదు, కిందిది పావు చుట్టు బిగిసింది. రబ్బరూ చెక్కా సర్దుకునే మొదటి రోజుల్లో ఇది మామూలే కాబట్టి, ఆపైన మరో రెండుసార్లు చూశాను, కదల్లేదు.

ఇప్పుడు రైఫిల్‌ను మడమ మీద నిలబెట్టడం మానేశాను. మెత్తటి రబ్బరు మీద నెలల తరబడి బరువు ఉంటే అది అణిగి తిరిగి లేవదు. అడ్డంగా పడుకోబెడుతున్నాను, నూనె కూడా గుడ్డతో తుడిచినంత మేరకే మిగులుస్తున్నాను. ఎడమ పక్క, హీల్‌కు కొంచెం కింద, రెండు కోణాలు కలిసే చోట అర మిల్లీమీటరు పల్లం ఒకటి మిగిలింది. పెద్దాయన స్కేలు పెట్టి చూసి టో దగ్గర తల ఊపారు, ఆ పల్లం దగ్గర మాత్రం బొటనవేలు ఒక్క క్షణం ఆపి, ఏమీ అనకుండా రైఫిల్ నా చేతికిచ్చేశారు.